అక్కరలేని రొద: కార్ల్ జాన్‌స్కీ జీవితం

జీడిమెట్ల పారిశ్రామికవాడకు చేరువలో కాపురముండే వారికి రొద కొత్త కాదు. షాపూర్‌నగర్ దారిన పోయే లారీల మోత, రేకుల షెడ్లలో లేతు మిషన్ల గీర, వెల్డింగు పనివారి చిటపటలు, ఇవన్నీ చెవికి అలవాటైపోయినవే. అయితే కొన్నేళ్ల క్రిందట మా ఇంట మరొక రొద ఉండేది. దాని మూలం వీథిలో ఎక్కడా కనిపించేది కాదు. కంప్యూటరుకు తగిలించిన రెండు చిన్న స్పీకర్లు, పాటా మాటా లేక మూగగా ఉన్న సమయంలో, ఉన్నట్టుండి టకటకమని కొట్టుకుని, ఆపైన జుర్రుమని సొద పెట్టేవి. మరుక్షణంలో బల్లమీది సెల్‌ఫోను మోగేది. ఫోను కంటె ముందుగా స్పీకర్లకు కబురు అందుతున్నదా అని పిల్లలు ఆశ్చర్యపడేవారు.

అందులో మాయ ఏమీ లేదు. స్పీకరు తీగను రేడియో వినడానికని ఎవరూ తయారు చేయలేదు గాని, తీగ అయి పుట్టినందువలన అది ఏరియల్ పని చేయక మానదు. గాలిలో పోయే విద్యుదయస్కాంత తరంగం ఆ తీగలో లేశమాత్రమైన విద్యుత్తును పుట్టిస్తుంది. స్పీకరు లోపలి ఆంప్లిఫయరులో ఉండే అర్ధవాహకపు సంధి ఆ విద్యుత్తును ఒక దిక్కుకు పోనిచ్చినంత సులువుగా రెండవ దిక్కుకు పోనీయదు. అందువలన తరంగంలోని హెచ్చుతగ్గులు శబ్దంగా బయటపడతాయి. 2జీ పద్ధతి ఫోను ఎడతెగకుండా ప్రసారం చేయదు, సెకండుకు దాదాపు 217 సార్లు తెంపి తెంపి చేస్తుంది. ఆ తెంపులే మనకు వినబడే సొద. తరువాతి తరాల ఫోనులు వచ్చిన పిమ్మట అది చాలవరకు సద్దుమణిగింది. వెల్డింగు మెరుపు, మోటారు బ్రష్షుల వద్ద లేచే నిప్పురవ్వ కూడ తమకు తెలియకుండానే చిన్న చిన్న రేడియో కేంద్రాలు. వాటి గరగర ఇప్పటికీ వినబడుతూనే ఉంటుంది.

పదవ తరగతి చదివే బాలుడొకడు ఒకనాడు ఈ సంగతి విని, ఈ రొదను పోగొట్టడమెట్లా అని అడగలేదు. దీనివలన ఎన్నడైనా ఎవరికైనా ఒక ప్రయోజనం కలిగిందా అని అడిగాడు. ప్రశ్న మంచిది. అప్పుడు నాకు తోచిన సమాధానం ఒక మనిషి పేరు. రేడియోలో వచ్చే గరగరలను వెదకి పట్టుకోవడమే ఉద్యోగంగా పెట్టుకుని, అందులో ఒక గరగర వెంట భూమిని దాటి, సూర్యుణ్ణి దాటి, ఆకాశగంగ నడిబొడ్డు దాకా పోయిన ఆ మనిషి కార్ల్ గుతె జాన్‌స్కీ.

జాన్‌స్కీ 1905వ సంవత్సరం అక్టోబరు 22వ తేదీన అమెరికాలోని ఓక్లహోమా ప్రాంతంలో నార్మన్ అనే ఊరిలో జన్మించాడు. ఓక్లహోమా అప్పటికింకా రాష్ట్రం కాలేదు. తండ్రి సిరిల్ జాన్‌స్కీ చెక్ జాతి వలస కుటుంబానికి చెందినవాడు, ఇంజనీరింగు ఆచార్యుడు. తనకు భౌతికశాస్త్రం నేర్పిన కార్ల్ గుతె అనే ఆచార్యునిపై గల గురుభక్తితో కుమారునికి ఆ పేరు పెట్టుకున్నాడు. తాతల పేరు పెట్టుకోవడమే మనకు వాడుక గాని, గురువు పేరు పెట్టుకోవడం కూడ మనకు నచ్చే సంగతే. పిమ్మట కుటుంబం విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్ నగరానికి తరలిపోయింది. కార్ల్ అక్కడి విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివి 1927లో పట్టం పుచ్చుకున్నాడు. మంచుపై ఆడే హాకీలో చురుకైన ఆటగాడని పేరు తెచ్చుకున్నాడు. అతని కంటె పదేళ్లు పెద్దవాడైన అన్న అప్పటికే రేడియో ఇంజనీరుగా ప్రసిద్ధుడు.

ఆటగాడైన ఆ యువకుని దేహంలో ఒక శత్రువు అప్పటికే ప్రవేశించింది. కళాశాలలో చదువుతూ ఉండగానే మూత్రపిండాల వ్యాధి బయటపడింది. అది పూర్తిగా నయమయ్యే రోగం కాదు. 1928లో ఆయన బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలో ఉద్యోగానికి పోయినప్పుడు వైద్యపరీక్షలో ఇదే అడ్డం వచ్చింది. అన్నగారు పూనుకుని, అక్కడ తనకు పరిచయమున్న పెద్దలతో మాట్లాడిన మీదట ఉద్యోగం దక్కింది. ఆరోగ్యం దృష్ట్యా ఆయనను న్యూయార్కు నగరపు ఒత్తిడిలో ఉంచక, న్యూజెర్సీలో క్లిఫ్‌వుడ్ అనే పల్లెపట్టున ఉన్న శాఖకు పంపారు. కొద్దికాలానికి ఆ శాఖ హోమ్‌డెల్ అనే మరొక పల్లెకు మారింది. రోగమే లేకపోతే ఆయన నగరంలో మరేదో బల్లవద్ద కూర్చుని ఉండేవాడేమో!

ఇక ఆయనకు అప్పగించిన పని. 1927 జనవరిలో న్యూయార్కునుండి లండనుకు రేడియో మార్గాన టెలిఫోను సంభాషణ మొదలైంది. మూడు నిమిషాల మాటకు 75 డాలర్ల రుసుము. అంత సొమ్ము పోసి మాట్లాడేవాని చెవిలో మాటకు బదులు గరగర పడితే ఏ వర్తకుడు సహిస్తాడు? ఈ సంభాషణలకు హ్రస్వతరంగాలను వాడబూనిన కంపెనీకి, ఆ గరగరలు ఏ దిక్కునుండి, ఏ వేళలో, ఎంత బలంతో వస్తున్నాయో తెలియవలసి వచ్చింది. తెలిస్తే వాటికి పెడమొగంగా ఏరియల్లు నిలుపుకోవచ్చును. జాన్‌స్కీ పని అదే. కంపెనీకి కావలసింది నిశ్శబ్దం. దానికొరకు ఆయన రోజంతా రొదను వినాలి.

హోమ్‌డెల్‌లో ఒక బంగాళాదుంపల పొలం పక్కన ఆయన ఒక విచిత్రమైన ఏరియల్‌ను కట్టించాడు. కొయ్య చట్రం మీద ఇత్తడి గొట్టాలు బిగించిన నిర్మాణం అది; సుమారు 30 మీటర్ల పొడవు, 6 మీటర్ల ఎత్తు. దానిని నాలుగు పాత ఫోర్డు కారు చక్రాలపై నిలిపి, వలయాకారపు దారిపై ఒక చిన్న మోటారుతో తిప్పేవారు. 20 నిమిషాలకు ఒక ప్రదక్షిణం పూర్తయ్యేది. తోటి ఉద్యోగులు దానిని తిరునాళ్లలోని రంగులరాట్నంతో పోల్చి నవ్వుకునేవారు. అది అందుకునే తరంగదైర్ఘ్యం 14.6 మీటర్లు. పక్కనున్న చిన్న షెడ్డులో గ్రాహకయంత్రం ఉండేది; దానికి తగిలించిన కలం కదిలే కాగితంపై రొద బలాన్ని రాత్రింబవళ్లు తనంతట తానే గీస్తూ పోయేది. ఆ గ్రాహకాన్ని తనలోని సొద ఆకాశపు సొదను మింగివేయనంత నిమ్మళంగా జాన్‌స్కీ తయారు చేశాడు. ఆయన పనితనం ముఖ్యంగా ఇందులోనే ఉన్నదని నా అభిప్రాయం. తన యింటి రొద అణచుకోలేనివాడు పొరుగింటి గుసగుస వినలేడు.

1931 నాటికి కాగితపు చుట్టలు గుట్టలుగా పడినాయి. వాటిని పరిశీలించి ఆయన రొదలను మూడు తెగలుగా విడదీశాడు. మొదటిది దగ్గరి ఉరుముల వలన, రెండవది దూరదేశపు ఉరుములు వాతావరణపు పైపొరలపై పరావర్తనం చెంది రావడం వలన కలిగేవి. ఈ రెండింటితో ఆయన ఉద్యోగధర్మం దాదాపు తీరినట్లే. మూడవది మాత్రం బలహీనమైనది, ఎడతెగనిది. హెడ్‌ఫోనులో వింటే సన్నని బుస మాత్రమే. టెలిఫోను సంభాషణకు దానివలన వచ్చే నష్టం స్వల్పం. అది గ్రాహకంలోని లోపమని కొట్టిపారవేసినా అడిగేవారు లేరు. జాన్‌స్కీ కొట్టిపారవేయలేదు.

ఆ బుస ఒకే దిక్కున నిలిచి ఉండేది కాదు. పగటి వేళ తూర్పున బలపడి, దక్షిణం మీదుగా పడమటికి జరిగేది. సూర్యునితోపాటే నడుస్తున్నది కనుక సూర్యుడే దానికి మూలమని ఆయన మొదట తలచాడు. ఇది 1931 డిసెంబరు నాటి మాట. ఆ నెల గడచిన కొలదీ అనుమానం పొడసూపింది. బుస సూర్యుని కంటె ముందుగా వస్తున్నది. నెల తిరిగేసరికి రెండు గంటలు ముందు, మరి నెలకు నాలుగు గంటలు ముందు. 1932 ఆగస్టు 31వ తేదీన అమెరికాలో సూర్యగ్రహణం పట్టింది. ఆనాడు కూడ బుసలో తగ్గుదల కానరాలేదు. సూర్యుడు దీనికి కర్త కాడని తేలిపోయింది.

రోజుకు నాలుగు నిమిషాలు ముందుకు జరిగే వస్తువేది? పంచాంగం తిరగవేసే అలవాటున్న వారికి ఈ ప్రశ్న కష్టమైనది కాదు. సూర్యోదయం నుండి సూర్యోదయానికి లెక్కించే సావనదినం 24 గంటలు. నక్షత్రోదయం నుండి నక్షత్రోదయానికి లెక్కించే నాక్షత్రదినం 23 గంటల 56 నిమిషాల 4 సెకండ్లు. భూమి తన చుట్టూ తాను తిరుగుతూ సూర్యుని చుట్టూ కూడ తిరుగుతున్నందువలన ఈ తేడా వస్తుంది. జాన్‌స్కీ ఖగోళశాస్త్రం చదివినవాడు కాడు. ఆ శాస్త్రం తెలిసిన స్కెలెట్ అనే సహోద్యోగి ఈ సూక్ష్మాన్ని ఆయనకు తెలిపాడు. అటుపైన ఆయన ఖగోళగ్రంథాలు తెచ్చుకుని చదివి, ఏడాది పొడుగునా సేకరించిన గీతలను నక్షత్రకాలానికి మార్చి లెక్కించాడు. బుస వచ్చే చోటు నక్షత్రాల మధ్య కదలకుండా నిలిచి ఉన్నది. ఆ చోటు ధనూరాశిలో, మన పాలపుంత కేంద్రం ఉన్న దిక్కున ఉన్నది.

డిసెంబరులో బుస సూర్యునినుండే వస్తున్నట్లు తోచిన కారణం కూడ ఇప్పుడు స్పష్టమవుతుంది. మన లెక్క ప్రకారం డిసెంబరు నడుమ సూర్యుడు ధనుస్సులో ప్రవేశిస్తాడు. మన ఇండ్ల ముంగిట ముగ్గులూ గొబ్బెమ్మలూ వెలిసే ధనుర్మాసం అది. ఆ నెల మొదటివారంలో సూర్యుడు మూలా నక్షత్ర భాగంలో ఉంటాడు. పాలపుంత కేంద్రం దిక్కు కూడ ఇంచుమించు అదే. అందుచేత ఆ దినాలలో సూర్యుడూ బుసా ఒకే దారిన నడిచినట్లు కనిపించినాయి. మూల అన్న పేరును బట్టి మన పూర్వులు ఇదంతా ఎరుగుదురని చెప్పబూనడం సాహసమే అవుతుంది. బడిపిల్లలకు ఆకాశంలో ఆ చోటు చూపించడానికి మాత్రం ఈ గుర్తు చక్కగా పనికివస్తుంది. వానకారు వెనుకబడిన సాయంకాలాలలో దక్షిణపు ఆకాశాన వృశ్చికపు తోకకు తూర్పుగా చూడమంటే చాలును.

1933 ఏప్రిల్ 27వ తేదీన వాషింగ్టనులో జరిగిన రేడియో శాస్త్రజ్ఞుల సభలో జాన్‌స్కీ ఈ సంగతి వెల్లడించాడు. విన్నవారు కొద్దిమంది, సంచలనమేమీ కలుగలేదు. కంపెనీ పత్రికలకు వార్త పంపగా మే 5వ తేదీన న్యూయార్క్ టైమ్స్ దానిని మొదటి పుటలో ప్రకటించింది. మే 15వ తేదీ రాత్రి ఒక రేడియో ప్రసార సంస్థ హోమ్‌డెల్‌నుండి తీగ వేయించి, నక్షత్రవీథి బుసను కొన్ని క్షణాలపాటు దేశమంతటికీ వినిపించింది. మూసిన కిటికీల వెనుక రేడియోలకు చెవులొగ్గిన గృహస్థులు ఆనాడు విన్న ఆ సొద, వారి చెవిని చేరక ముందు సుమారు ఇరవై ఆరువేల సంవత్సరాలు ప్రయాణం చేసినది. ఆ దూరం అప్పటికి ఎవరికీ సరిగా తెలియదు.

ఆ మీదట? మీదట దాదాపు ఏమీ జరుగలేదు. ఈ జీవితచరిత్రలో మనస్సుకు బాధ కలిగించే ఘట్టం ఇదే. ఖగోళశాస్త్రజ్ఞులకు రేడియో తెలియదు. రేడియో ఇంజనీర్లకు ఖగోళం అక్కరలేదు. దేశంలో ఆర్థికమాంద్యం. 1935లో జాన్‌స్కీ మరొక వ్యాసం ప్రకటించి, బుస కేంద్రంనుండి మాత్రమే గాక పాలపుంత పొడుగునా వస్తున్నదని తెలిపాడు. వేడెక్కిన తీగలో ఎలక్ట్రానుల కలత వలన పుట్టే సొదకూ దీనికీ ఉన్న పోలికను గమనించి, నక్షత్రాల మధ్యనున్న విద్యుదావేశ కణాల వలన ఇది కలుగవచ్చునని ఊహించాడు. అసలు కారణం, అయస్కాంతక్షేత్రాలలో అతివేగంతో సుడులు తిరిగే ఎలక్ట్రానులని, ఆయన మరణించిన తరువాతనే శాస్త్రలోకానికి తేటపడింది. 30 మీటర్ల వ్యాసం గల పళ్లెం వంటి ఏరియల్ నిర్మించవలెనని ఆయన కోరిన కోరిక నెరవేరలేదు. కంపెనీ దృష్టిలో ప్రశ్నకు జవాబు దొరికింది. బుసను పోగొట్టడం ఎవరివల్లా కాదు. కనుక ఇంతకంటె మంచి గ్రాహకం చేయడం వలన లాభం కొంతవరకే. అంతటితో కవిలె మూతపడింది, ఆయన ఇతర పనులకు బదిలీ అయ్యాడు.

ఇందులో తప్పు ఎవరిదన్న వివాదం ఆయన పోయిన తరువాత రేగింది. పని కొనసాగించే కోరికను జాన్‌స్కీ తన వద్ద ఎన్నడూ వెలిబుచ్చలేదని ఆయన పై అధికారి ఫ్రీస్ 1965లో వ్రాశాడు. కాని జాన్‌స్కీ తల్లిదండ్రులకు వ్రాసుకున్న ఉత్తరాలలో నక్షత్రవీథి పని చేయనీయడం లేదన్న దిగులు కనిపిస్తుంది. రెండూ నిజమే కావచ్చునని నాకు తోస్తుంది. రోగంతో ఉన్నవాడు, 1929లో పెండ్లి చేసుకుని ఇద్దరు బిడ్డలకు తండ్రి అయినవాడు, వేలమంది ఉద్యోగాలు ఊడుతున్న రోజులలో అధికారితో గట్టిగా వాదించకపోవడం వింత కాదు. ఇంటికి వ్రాసే ఉత్తరంలో చెప్పుకునే మాట కచేరీలో చెప్పలేని మనుష్యులు మన చుట్టూ ఎందరు లేరు?

ఆయన విడిచిన పనిని అందుకున్నవాడు లోకంలో ఒక్కడు, గ్రోట్ రీబర్ అనే యువ ఇంజనీరు. జాన్‌స్కీ వద్ద పని చేయాలని బెల్ ప్రయోగశాలకు దరఖాస్తు పెట్టి, ఉద్యోగం దొరకక, 1937లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని వీటన్ అనే ఊరిలో తన ఇంటి పెరటిలోనే సొంత సొమ్ముతో తొమ్మిదిన్నర మీటర్ల వెడల్పు గల పళ్లెపు ఏరియల్ కట్టుకున్నాడు. రెండుమారులు విఫలుడై మూడవమారు నక్షత్రవీథి బుసను పట్టాడు. పగటివేళ వీథిలో పోయే కార్ల ఇంజనులలోని నిప్పురవ్వల గరగర ఆయన యంత్రాన్ని చెవిటిదానిగా చేసేది. అందుచేత పగలు ఉద్యోగం చేసుకుని, ఊరు నిద్రించిన పిమ్మట ఆకాశాన్ని వినేవాడు. జీడిమెట్లలో నివసించేవారు ఆయన అవస్థను తేలికగా అర్థం చేసుకోగలరు.

ఆ తరువాత యుద్ధం వచ్చింది. 1942 ఫిబ్రవరిలో బ్రిటిషు రాడార్లలో ఉన్నట్టుండి రొద నిండిపోగా, జర్మనులు చేసిన కుట్రయని సైన్యం భయపడింది. హే అనే భౌతికశాస్త్రజ్ఞుడు ఆరా తీసి, ఆ రొద సూర్యునిదని తేల్చాడు. పదేళ్ల క్రిందట జాన్‌స్కీ వెదకి కనుగొనలేకపోయిన సూర్యుని సొద అదే. 1931, 32లలో సూర్యుడు శాంతంగా ఉండడం వలన ఆయనకు వినబడలేదు. యుద్ధకాలంలో జాన్‌స్కీ శత్రువుల జలాంతర్గాములు పంపే రేడియో సంకేతాల దిక్కు కనిపెట్టే పరికరాలపై పనిచేసి, సైన్యంనుండి ప్రశంసాపత్రం పొందాడు. రొద వచ్చే దిక్కు కనుగొనడంలో ఆయనను మించినవారు లేరు కదా! నక్షత్రాల వంకకు మాత్రం మరి తిరగలేదు. వ్యాధి ముదిరింది. 1950వ సంవత్సరం ఫిబ్రవరి 14వ తేదీన, రెడ్‌బ్యాంక్ అనే ఊరి ఆసుపత్రిలో 44 యేండ్ల వయస్సున కన్నుమూశాడు. అప్పటికి ఇంగ్లండులోను ఆస్ట్రేలియాలోను రేడియో ఖగోళశాస్త్రం వేళ్లూనుకుంటున్నది. బతికుండగా ఆయనకు ఈ విషయమై గొప్ప బహుమానమేదీ రాలేదు.

ఆయన నడచిన హోమ్‌డెల్ పొలాలకు చేరువలోనే, అదే కంపెనీ కట్టించిన మరొక ఏరియల్‌లో, పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు 1964, 65లలో మళ్లీ అక్కరలేని బుస ఒకటి విన్నారు. ఏరియల్‌లో గూడు కట్టిన పావురాల రెట్టలు దానికి కారణమేమోనని కడిగి చూశారు, బుస పోలేదు. అది విశ్వారంభపు వేడిమి శేషమని తెలిసింది. ఈసారి కంపెనీ పని ఆపించలేదు. 1978లో వారికి నోబెల్ బహుమానం లభించింది.

మన ప్రాంతానికి ఈ విద్య ఆలస్యంగా వచ్చింది. హైదరాబాదు బేగంపేటలోని నిజామియా వేధశాలకు నగరపు దీపాల వెలుగు అడ్డం రాగా, ఉస్మానియా విశ్వవిద్యాలయం వారు నగరానికి దూరంగా జాపాల్-రంగాపూర్ వద్ద కొత్త వేధశాల నెలకొల్పి, 1968లో 48 అంగుళాల దూరదర్శినిని నిలిపారు. 1980 ఫిబ్రవరి 16వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణం ఆ మీదుగానే పోయింది. ఆ సందర్భానికి అక్కడ ఒక రేడియో దూరదర్శిని సిద్ధం చేసి, చంద్రుడు కప్పివేసిన సూర్యుని సొదను కొలిచారు. దీపాలనుండి పారిపోయినట్లే రొదనుండి కూడ శాస్త్రజ్ఞులు పారిపోక తప్పదు. మహారాష్ట్రలో ఖోడద్ వద్ద ముప్పై పళ్లెపు ఏరియల్లతో పెద్ద రేడియో దూరదర్శినిని నిర్మించినప్పుడు, నగరాల గరగర చేరని చోటు కొరకే వెదకి దానిని ఎన్నుకున్నారు.

1973లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య, ఆకాశంనుండి వచ్చే రేడియో శక్తిని కొలిచే ప్రమాణానికి జాన్‌స్కీ పేరు పెట్టింది. ఒక చదరపు మీటరుపై, ఒక్క హెర్ట్జ్ వెడల్పులో పడే శక్తి, ఒక వాటును ఒకటి పక్కన 26 సున్నలు గల సంఖ్యతో భాగించినంత ఉంటే, అది ఒక జాన్‌స్కీ. మా బల్లమీద స్పీకర్లను కలవరపెట్టిన ఆ సెల్‌ఫోనును చంద్రునిపై పెట్టి మోగిస్తే, భూమిపై అది వందల జాన్‌స్కీల బలంతో, ఆకాశంలోని అతి తీవ్రమైన రేడియో మూలాల సరసన లెక్కకు వస్తుంది. ఆ బాలునికి ఈ లెక్క చెప్పగా, కాగితంపై తానే వేసి సరిచూసుకున్నాడు.

చక్రాలపై తిరిగిన ఆ ఏరియల్ ఇప్పుడు లేదు. పశ్చిమ వర్జీనియాలోని గ్రీన్‌బ్యాంక్ రేడియో వేధశాలలో దాని నమూనా ఒకటి అదే కొలతలతో నిలిపారు. హోమ్‌డెల్‌లో అది తిరిగిన చోటును వెదకి పట్టుకుని 1998లో ఒక స్మారకచిహ్నం నెలకొల్పారు. ఏరియల్ ఆకారంలోనే మలచిన ఆ చిహ్నం ఏదో ఒక దిక్కుకు నిలిచినది కాదు. 1932 సెప్టెంబరు 16వ తేదీ సాయంకాలం 7 గంటల 10 నిమిషాలకు, బుస మిక్కిలి బలంగా వినబడిన క్షణంలో జాన్‌స్కీ ఏరియల్ ఏ దిక్కుకు తిరిగి ఉన్నదో, ఆ దిక్కుకే తిరిగి ఉన్నది.